చిరునామా చాలునన్న ఉత్తర్వు

ప్రభుత్వ కార్యాలయంలోకి కొత్త జ్ఞానం ప్రవేశించే మార్గం ఒక్కటే. ఒక ఉన్నతాధికారి మూడు రోజుల శిక్షణకు వెళతారు. నాలుగవ రోజున తిరిగి వస్తారు. రాష్ట్ర వర్షపాత నమోదు సంచాలక కార్యాలయంలోకి కంప్యూటరువారి సి భాష వచ్చినది ఆ మార్గాననే.

శిక్షణకు వెళ్లినవారు సంచాలకులు శ్రీ చెన్నుపాటి త్రివిక్రమ్ గారు. మొదటి రోజు ప్రారంభోపన్యాసాలతోను, మూడవ రోజు ధ్రువపత్రాల ప్రదానంతోను గడిచినందున, భాష నేర్పినది రెండవ రోజు మాత్రమే. ఆ రోజు భోజనానికి ముందు చెప్పిన పాఠాన్ని వారు అత్యంత శ్రద్ధతో విన్నారు. భోజనం తరువాత చెప్పినదాన్ని వినలేదు. చదువరులు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే తక్కినదంతా సుబోధకమే.

నేను ఆ శాఖలోనే సంయుక్త సంచాలకుడిగా పనిచేసి విరమించి పదకొండేళ్లయింది. ఉత్తర్వులలో వాక్యనిర్మాణం దిగజారిపోయిందని పైవారు ఆక్షేపించినందున నన్ను గౌరవ భాషా సలహాదారుగా పిలిపించుకున్నారు. నా బాధ్యత వాక్యం. విషయం నా బాధ్యత కాదని నియామకపు ఉత్తర్వులో స్పష్టంగా ఉన్నది. ఆ ఉత్తర్వు వాక్యనిర్మాణం కూడ నేనే సరిదిద్దాను.

నాలుగవ రోజు ఉదయం సమావేశం జరిగింది.

"మిత్రులారా, ఒక్క ప్రశ్న," అన్నారు త్రివిక్రమ్ గారు. "ఒక సెక్షను నుంచి ఇంకో సెక్షనుకు ఫైలు పంపాలంటే మనమేం చేస్తున్నాం?"

"మోస్తున్నామండి," అన్నాడు సూపరింటెండెంటు బలరామయ్య. ముప్పయ్యొక్క సంవత్సరాల సర్వీసులో అతడు అడిగిన ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పిన సందర్భాలలో ఇది ఒకటి.

"అదే మన వెనుకబాటుతనం! సి భాష మోయదు. ఒక శ్రేణిని, అంటే వరుసగా పేర్చిన అంకెల జాబితాను, ఒక ఫంక్షనుకు, అంటే ఒక పని చేసిపెట్టే భాగానికి, అప్పగించవలసి వస్తే జాబితాను పంపదు. జాబితా ఎక్కడ మొదలయిందో ఆ చిరునామా మాత్రం పంపుతుంది. పుచ్చుకున్నవాడు అక్కడికే వెళ్లి, అసలు ప్రతి మీదనే పని చేసుకుంటాడు. ప్రపంచమంతా దీని మీద నడుస్తుంటే మనం ఇంకా ఫైళ్లు చంకన పెట్టుకుని మెట్లెక్కుతున్నాం."

సమావేశం చప్పట్లు కొట్టింది. మెట్లెక్కవలసిన పని తప్పుతుందనగానే చప్పట్లు ఎప్పుడూ హృదయపూర్వకంగానే ఉంటాయి.

ఆ సాయంత్రమే ఉత్తర్వు వెలువడింది. ఇకమీదట ఏ ఫైలూ కదలరాదు. కార్యాలయంలోని సమస్త కాగితాలను ఒకే పొడవైన అరల వరుసలో, ఎడతెగకుండా పేర్చవలెను. సి భాషలో ఒక శ్రేణికీ మరొక శ్రేణికీ నడుమ అట్టలుండవు గనుక ఫైళ్ల అట్టలను, దారాలను తొలగించవలెను. ప్రతి పుటకు వరుస సంఖ్య వేయవలెను, మొదటిది సున్న. అధికారికి పంపవలసినది ఫైలు మొదటి పుట సంఖ్య మాత్రమే. చిరునామా చాలును.

చివరి రెండు మాటలు నావి. అవి బాగున్నాయని త్రివిక్రమ్ గారు పెద్ద అక్షరాలలో వ్రాయించి గోడకు తగిలించారు.

లెక్క సున్నతో మొదలవుతుందన్న సంగతి ముందు కొంత కలవరం కలిగించింది. సంచాలకుల సంతకం హాజరుపట్టీలో సున్నవ వరుసకు చేరింది. అది గౌరవమని తెలిశాక ఒకటవ వరుసలో ఉన్న ఉపసంచాలకులు తమను కూడ సున్నగా గుర్తించవలసిందని వినతిపత్రం పెట్టుకున్నారు. ఆ వినతి పరిశీలనలో ఉన్నది.

వినతిపత్రాల సంగతి వేరు. అవి ఒంటికాగితాలు, శ్రేణులు కావు. శ్రేణికాని ఒంటి అంకెను సి భాష నకలు తీసి పంపుతుంది. పుచ్చుకున్నవాడు నకలును ఏమి చేసినా అసలుకు ఏమీ కాదు. త్రివిక్రమ్ గారు ఇదీ భోజనానికి ముందే విన్నారు. అందుచేత సెలవు చీటీల నకళ్లు లోపలికి వెళ్లేవి. వారు ఉదారంగా మంజూరు చేసేవారు. గది దాటి బయటికి వచ్చేసరికి అసలు చీటీ మంజూరు కాకుండా అలాగే ఉండేది. "లోపల నాకు సెలవే, బయటే డ్యూటీ," అన్నాడు బలరామయ్య, చెల్లెలి కూతురి పెళ్లి ముహూర్తం గోడ గడియారంలో దాటిపోతుండగా.

ఆ కార్యాలయంలో సి భాషను నిజంగా నేర్చుకున్న వ్యక్తి ఒక్కరే. కుమారి దాసరి హైమవతి, జూనియరు అసిస్టెంటు, వయస్సు ఇరవయ్యారు. ఆమె తండ్రి తీరప్రాంతపు కేంద్రంలో వానమాపకం చదివేవాడు. తుపాను రోజున మాపకం చూడటానికి వెళ్లి గోడ కూలి మరణించాడు. ఆ రోజు కొలత అతని జేబులో దొరికింది. ఆ ఉద్యోగం కారుణ్య నియామకంగా కూతురికి వచ్చింది. రెండేళ్ల ప్రొబేషను జూన్ ముప్పయ్యవ తేదీతో ముగుస్తుంది. ఆ లోపల స్థిరపరచకపోతే ఉద్యోగం దానంతట అదే రద్దవుతుంది. స్థిరపరచటానికి శాఖాపరమైన సి పరీక్ష ఉత్తీర్ణత కొత్త షరతు.

ఆమె పాత పుస్తకాల దుకాణంలో ఒక పుస్తకం కొనుక్కుని, అందరికన్న ముందు వచ్చి, కార్యాలయపు ఏకైక కంప్యూటరు ముందు కూర్చునేది. ఒకనాడు నేను వెళ్లేసరికి తెరవంక కోపంగా చూస్తున్నది.

"ఏమమ్మా, మాట వినటం లేదా?"

"మెయిన్ లో, అంటే వరుస పేర్చిన అసలు చోట, అడిగితే పన్నెండు నెలలు అంటోంది సార్. అదే వరుసని ఫంక్షన్ కి పంపి లోపల సైజు అడిగితే నోటికొచ్చిన అంకె చెబుతోంది. మూడు రోజుల నుంచీ ఇదే వరస."

నాల్గవ రోజు ఆమెకు బోధపడింది. లోపలికి వెళ్లినది పన్నెండు నెలలు కావు; మొదటి నెల ఉన్న చోటు మాత్రమే. ఆ అంకె చోటు తాలూకు సైజే గాని వరుస తాలూకు సైజు కాదు. ఎన్ని ఉన్నాయో లోపల ఉన్నవాడికి ఎవరూ చెప్పలేదు. ఈ సంగతిని ఆమె బలరామయ్యకు వివరించిన పద్ధతి నేను విన్నాను. నా సర్వీసులో విన్న వివరణలలో అంత శుభ్రమైనది లేదు.

"పెళ్లిలో బంతి వేస్తారు కదండీ. వడ్డించేవాడికి బంతి ఎక్కడ మొదలయిందో చెప్పి, ఎన్ని విస్తళ్లో చెప్పలేదనుకోండి. ఏం చేస్తాడు?"

"చివరిదాకా వడ్డిస్తాడు."

"చివర ఎక్కడో వాడికెలా తెలుస్తుంది? పక్క షామియానాలో ఇంకో పెళ్లి బంతి ఆనుకునే ఉంది. గారెలు అటు కూడా వెళ్లిపోతాయి."

"మరి ఆపేవాడెవడూ ఉండడా?"

"సి లో ఉండడండీ. అందుకని చిరునామాతో పాటు లెక్క కూడా మనమే పంపాలి. ఇదిగో, పుస్తకంలో తర్వాతి పేజీలోనే ఉంది."

బలరామయ్య తర్వాతి పేజీ వంక చూశాడు. గోడమీది పెద్ద అక్షరాల వంక చూశాడు. "అమ్మాయ్, ఆ పేజీ మూసెయ్. జూన్ దాటాక చదువుకుందువుగాని," అన్నాడు. అతడు చెడ్డవాడు కాడు. అతనికి నలుగురు ఆడపిల్లలు.

పరీక్షలో ప్రశ్న ఇట్లా వచ్చింది: శ్రేణిని ఫంక్షనుకు అప్పగించునపుడు ఏమి పంపవలెను? హైమవతి వ్రాసిన జవాబు: మొదటి అంశపు చిరునామా, మొత్తం అంశాల సంఖ్య. మొదటి సగానికి పూర్తి మార్కులు వచ్చాయి. రెండవ సగం ప్రస్తుత ఉత్తర్వులకు విరుద్ధమని దానికి ఎర్ర సిరాతో మార్కులు కోసి, ఒక్క మార్కు తేడాతో ఉత్తీర్ణురాలిని చేశారు. మిగిలిన నలభై ముగ్గురు "చిరునామా చాలును" అని వ్రాసి ప్రథమశ్రేణిలో నెగ్గారు.

ఇంతలో కొండవాగు కేంద్రపు వార్షిక నివేదిక పైకి వెళ్లవలసి వచ్చింది. నివేదిక తయారుచేసిన గుమాస్తాకు ఆ కేంద్రపు మొదటి నెల పుట సంఖ్య ఇచ్చారు. అతడు జనవరితో మొదలుపెట్టి డిసెంబరు వరకు ఎత్తి వ్రాశాడు. ఆగమని ఎవరూ చెప్పనందున తరువాతి పుట కూడ ఎత్తాడు. అది ఆకస్మిక సెలవుల పట్టీ. అక్కడ తొమ్మిది అని ఉన్నది. పదమూడవ నెలలో తొమ్మిది మిల్లీమీటర్ల వర్షపాతం నమోదయింది.

త్రివిక్రమ్ గారు నివేదికలోని నెలలను వేలితో లెక్కపెట్టుకున్నారు. హైమవతి అక్కడే నిలబడి ఉన్నది.

"సార్, ఏడాదికి పన్నెండు నెలలే సార్," అన్నది.

"అది పాత విధానంలోనమ్మా. మనం లెక్క సున్న నుంచి మొదలుపెట్టాం. సున్న నుంచి పన్నెండుకు ఎన్ని?"

"పదమూడు సార్. కాని మనం పన్నెండు దాకా పోకూడదు. పదకొండు దగ్గర..."

"వచ్చింది కదా పదమూడు? ఇంకేం!"

పైనుంచి ప్రశంసాపత్రం వచ్చింది. వర్షాభావ పరిస్థితులలో ఇతర శాఖలు చేతులెత్తేయగా, అదనంగా ఒక నెల వర్షాన్ని సాధించిన తొలి సంచాలక కార్యాలయం ఇదేనని అందులో శ్లాఘించారు. తప్పును ఎత్తిచూపిన ఉద్యోగిని వైఖరి గమనించదగినదని త్రివిక్రమ్ గారు ఒక చీటీపై వ్రాసుకున్నారు. అదృష్టవశాత్తు అది ఒంటికాగితం. నకలు మీద వ్రాశారు.

జూన్ ఇరవయ్యవ తేదీన హైమవతి ప్రొబేషను ఫైలు వంతు వచ్చింది. అందులో పద్నాలుగు పుటలు. వరుస సంఖ్య ఇరవై వేల నాలుగువందల పదహారుతో మొదలు. సంచాలకులకు ఆ సంఖ్య పంపారు. వారు అరల వద్దకు స్వయంగా వెళ్లి, కుర్చీ వేయించుకుని, చదవసాగారు. వారికి ఫైలును చివరిదాకా చదివే అలవాటు ఉన్నది. దురదృష్టమంతా అక్కడే. చదవని అధికారి అయితే ఆమె బతికిపోయేది.

పద్నాలుగు పుటలలో ఆమె పని సంతృప్తికరమనీ స్థిరపరచవచ్చుననీ ఉన్నది. పదిహేనవ పుట నుంచి కార్యాలయపు పాత జీపును పనికిరానిదిగా ప్రకటించవలెనన్న ప్రతిపాదన మొదలవుతుంది. అట్ట లేదు, దారం లేదు, ఎడం లేదు. వారు చదువుతూ పోయారు. మెకానికు నివేదికతో జీపు ముగిసింది. ఆ తరువాత మరుగుదొడ్ల మరమ్మతు మొదలవుతుండగా భోజనం వేళయింది గనుక లేచారు. లేస్తూ "రెండు ప్రతిపాదనలూ ఆమోదించడమైనది" అని సంతకం చేశారు.

ఉత్తర్వు చిత్తు వ్రాసిన సెక్షనువారు పద్ధతి తప్పలేదు. మొదటి పుటలో ఉన్న పేరును, చివరి పుటలో ఉన్న సిఫారసును కలిపి ఒక ఉత్తర్వు వ్రాశారు. మిగిలిన పేరును, మిగిలిన సిఫారసును కలిపి మరొకటి వ్రాశారు.

మొదటిది ఇది: "కుమారి దాసరి హైమవతి, జూనియరు అసిస్టెంటు, రెండు లక్షల ఎనభై వేల కిలోమీటర్లు నడిచినందునను, అడుగుభాగం తుప్పుపట్టినందునను, ఎత్తులు ఎక్కునపుడు అధికంగా పొగ వదలుచున్నందునను, మరమ్మతునకు అనర్హురాలని నిర్ధారించి, ఉన్నచోట ఉన్నస్థితిలో బహిరంగ వేలమున విక్రయించుటకు అనుమతించడమైనది."

రెండవ ఉత్తర్వు ప్రకారం జీపు, క్రమశిక్షణ, సమయపాలన, సహోద్యోగులతో సత్ప్రవర్తన కనబరచి, ప్రొబేషను విజయవంతంగా పూర్తిచేసినందున జూనియరు అసిస్టెంటు పదవిలో స్థిరపరచబడింది.

ఈ రెండూ భాష నిమిత్తం నా బల్లమీదికి వచ్చాయి. నేను భాష చూశాను. మొదటి చిత్తులో "అనర్హమైనదని" అని ఉన్నది. కర్త స్త్రీ గనుక "అనర్హురాలని" అని సవరించి పంపాను.

హైమవతి ఉత్తర్వు చేతబట్టుకుని సంచాలకుల గదికి వెళ్లింది. ఈసారి ఆమె వెనుక నేను కూడ వెళ్లాను. ఎందుకు వెళ్లానో ఇప్పటికీ నాకు సరిగా తెలియదు.

"సార్, మీరు నా ఫైలు దాటి చదివారు. నావి పద్నాలుగు పుటలే. పదిహేను నుంచి జీపుది."

"దాటుతున్నప్పుడు భాష ఏమైనా అభ్యంతరం చెప్పిందా?"

"చెప్పదు సార్. సి చెప్పదు. మనమే చూసుకోవాలి."

"భాషకే లేని అభ్యంతరం నీకెందుకమ్మా?"

"సార్, నేను పొగ వదులుతానని రాశారు సార్."

త్రివిక్రమ్ గారు ఉత్తర్వును పరిశీలించారు. వారి ముఖంలో ఒక్క క్షణం సందేహం కనిపించింది. అది నిజం, చూశాను గనుక చెబుతున్నాను. తరువాత దానిని అణచుకున్నారు.

"చూడమ్మా, వ్యక్తిగతంగా నాకు సానుభూతి ఉంది. కాని ఆమోదం అసలు ప్రతి మీద పడింది. నకలు మీద పడితే చింపి పారేసేవాళ్లం. అసలు మీద పడినదాన్ని దిద్దితే మొత్తం విధానాన్నే శంకించినట్లవుతుంది. కావాలంటే ఒక మేలు చేయగలను. ఒంటికాగితం మీద వినతి పెట్టుకో. నకలు మీద నిన్ను తప్పకుండా స్థిరపరుస్తాను."

"అప్పుడు నేను ఉద్యోగంలో ఉన్నట్టా సార్?"

"ఈ గదిలో ఉన్నంతసేపు," అన్నారు వారు, మృదువుగా.

నేను గొంతు సవరించుకున్నాను. "త్రివిక్రమ్ గారూ, ఫైలు సంఖ్యతో పాటు పుటల లెక్క కూడ పంపేటట్లు ఉత్తర్వులో ఒక్క వాక్యం చేర్చవచ్చును. పూర్వం అట్టమీద వ్రాసేవాళ్లం."

"మీరు వాక్యం వరకే కదండీ?" అన్నారు వారు. నా నియామకపు ఉత్తర్వు అంత చక్కగా వ్రాసి ఉండవలసింది కాదు.

వేలం ఇరవయ్యెనిమిదవ తేదీ ఉదయం పదకొండు గంటలకు. అప్పటికి జీపును హైమవతి సెక్షను కిటికీకి ఎదురుగా నిలిపి, హాజరుపట్టీలో పేరెక్కించారు. మొదటి వారంలో అది ఒక్క రోజు కూడ ఆలస్యంగా రాలేదని బలరామయ్య రహస్య నివేదికలో వ్రాయవలసి వచ్చింది. ఆ మాట నిజమే గదా.

వేలానికి వచ్చినవాడు ఒక్కడే. ఆటోనగరులో పాత ఇనుము వ్యాపారం చేసే మస్తాన్ వలీ. అరవై దాటిన మనిషి. చెవి వెనక పెన్సిలు పెట్టుకుని ఆవరణలోకి వచ్చి నలువైపులా చూశాడు.

"సరుకెక్కడండీ?"

"ఇరవై వేల నాలుగువందల పదహారు," అన్నాడు బలరామయ్య, ఎటో చూస్తూ.

"అది చోటు కదా. ఎన్ని శాల్తీలు?"

"లెక్క ఇవ్వరండీ. చిరునామా చాలును."

"ఏందండీ చాలేది? ఎక్కడుందో చెప్పి ఎన్నో చెప్పకపోతే నేను సరుకుతో పాటు మీ గేటూ పీక్కెళ్తా, తర్వాత మీ కుర్చీ. ఏవయ్యా ఇదంటే మీరు ఆపమనలేదు కదా అంటా. ఒప్పుకుంటారా?"

ఆవరణలో ఎవరో నవ్వారు. తలతిప్పి చూస్తే హైమవతి. వేలపు చీటీ చేతబట్టుకుని చెట్టు నీడన నిలబడి ఉన్నది. రెండు నెలలలో ఆమె నవ్వగా వినటం అదే మొదలు.

"ఆ అమ్మాయెవరు?"

బలరామయ్య నేలచూపులు చూశాడు. "సరుకండీ."

మస్తాన్ వలీ చీటీ తీసుకుని చదివాడు. రెండోసారి చదివాడు. పెన్సిలు చెవి వెనకనుంచి తీసి జేబులో పెట్టుకున్నాడు.

"మతుండే మాట్లాడుతున్నారా మీరు? మాకూ ఉన్నారు ఆడపిల్లలు. నలభై ఏళ్ల నుంచి తుప్పు కొంటున్నా, తుప్పంటే ఏందో మీరు నాకు చెప్తారా?"

త్రివిక్రమ్ గారు వరండాలోకి వచ్చారు. "బాబూ, భావోద్వేగాలు వద్దు. ఇది విధానపరమైన విషయం. ఉన్నచోట ఉన్నస్థితిలో నిబంధన నీకు తెలుసు. తీసుకుపోకపోతే నిన్ను వేలం జాబితానుంచి తొలగించవలసి వస్తుంది."

"తొలగించుకోండి సార్," అన్నాడు మస్తాన్ వలీ. తరువాత ఆమె వైపు తిరిగాడు. "ఏమ్మా, అసలు గొడవేంది? నువ్వేం చేశావని?"

"పదమూడో నెల లేదన్నానండీ."

అతడు ఆ జవాబును కాసేపు ఆలోచించాడు. పూర్తిగా అర్థమయిందని అనుకోను. కావలసినంత అర్థమయింది.

"మా యార్డులో వేలకొద్దీ శాల్తీలు. ఎక్కడున్నాయో అంటే మావాళ్లు కళ్లు మూసుకుని చెప్తారు. ఎన్నున్నాయంటే ఒక్కడూ నోరు తెరవడు. పక్క యార్డువాడి సరుకు మాది అంటారు, మాది వాడిది అంటారు, రోజూ కొట్లాట. నువ్వు రాసిపెట్టగలవా?"

హైమవతి కార్యాలయం వైపు చూసింది. మొదటి అంతస్తు కిటికీలలో, బలరామయ్య పోగా, నలభై ఇద్దరు నిలబడి చూస్తున్నారు. ఎవరూ కిందికి రాలేదు. నేనూ వరండా మెట్టు దిగలేదు.

"మా నాన్న గారి ఉద్యోగమండీ ఇది," అన్నది, ఎవరితోనో తెలియకుండా. "ముప్పయ్యేళ్లు. ఒక్క మిల్లీమీటరు తప్పు రాయలేదు."

"తప్పు రాయొద్దనే కదమ్మా నేనూ అడిగేది," అన్నాడు ముసలాయన.

ఆమె కళ్లు తుడుచుకున్నది. "రాస్తానండీ. ఎక్కడున్నాయో రాస్తాను, ఎన్నున్నాయో రాస్తాను. రెండూ రాయనిస్తేనే వస్తాను."

"ఇంకేం గావాల!"

త్రివిక్రమ్ గారు తృప్తిగా తల ఊపారు. పనికిరాని వస్తువు తొలగింపు గడువుకు రెండు రోజుల ముందే పూర్తయింది. ఆ సంగతి మాసాంతపు ప్రగతి నివేదికలో చేరుతుంది. సి భాషలో నూటికి నూరుపాళ్లు అక్షరాస్యత సాధించిన శాఖగా మాకు జూలైలో ఫలకం వచ్చింది. ఉత్తీర్ణులైన వారందరి పేర్లు దాని మీద చెక్కారు. ఆమె పేరు ఉండవలసిన చోట జీపు నంబరు ఉన్నది.

వేలం రోజున గేటు దగ్గర కాపలాదారు సరుకు బయటికి తీసుకుపోయే పాసు అడిగాడు. కొత్త నమూనా పాసులో సంఖ్యకు గడి లేదు. చిరునామాకు మాత్రమే ఉన్నది. హైమవతి మస్తాన్ వలీని అడిగి పెన్సిలు తీసుకున్నది. పాసు అంచున, గడి బయట, "మొత్తం: ఒకటి" అని వ్రాసి, దాని కింద గట్టిగా గీత గీసి, కాపలాదారు చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

కాపలాదారు ఆ పాసు తెచ్చి నాకు చూపించాడు. "సార్, ఈ రాత మన ఫారంలో లేదు. కొట్టెయ్యమంటారా?"

"ఉంచవయ్యా," అన్నాను. ఆ వాక్యంలో నాకు దిద్దవలసినదేమీ కనిపించలేదు.